కెన్‌వుడ్ హౌస్ రివ్యూ: లాన్‌లో ఫొటో దిగి వెనక్కి వచ్చేయకండి

లండన్‌లో ఉండే మనవాళ్ళలో చాలామంది కెన్‌వుడ్ హౌస్‌ని చూసే ఉంటారు, కాకపోతే బయటినుంచి. హాంప్‌స్టెడ్ హీత్ పార్కులో నడుచుకుంటూ వచ్చి, ఏటవాలుగా ఉన్న పచ్చిక మీద నిలబడి, వెనకాల ఆ పొడవాటి తెల్లటి ఇల్లు పడేలా నాలుగు ఫొటోలు దిగి, తెచ్చుకున్న పులిహోర డబ్బా ఖాళీ చేసి వెళ్ళిపోతాం. నేను రెండుసార్లు అదే చేశాను. మూడోసారి తెనాలి నుంచి వచ్చిన మా అమ్మని తీసుకెళ్తే, చాప పరవగానే వాన మొదలైంది, పరిగెత్తి లోపల దూరాం. ఆ వానకి నేను రుణపడి ఉన్నాను, ఎందుకంటే ఈ రివ్యూ మొత్తం లోపలి సంగతే.

గుమ్మం దగ్గరే అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "టికెట్ ఎంతరా?" ఏం లేదమ్మా, ఊరికే అన్నాను. "ఊరికేనా? అయితే లోపల చూడ్డానికి ఏమీ ఉండదులే" అంది. తప్పు ఆవిడది కాదు, ఈ ఊళ్ళో రాజుల ఇళ్ళు చూడ్డానికి మనం ఇప్పటిదాకా కట్టిన టికెట్ డబ్బులు అలాంటివి. లోపల ప్రపంచమంతా పేరున్న చిత్రకారుల బొమ్మలున్నాయి, రెంబ్రాంట్ ఉంది, వెర్మీర్ ఉంది, టర్నర్ ఉంది, అన్నీ ఉచితం. డొనేషన్ డబ్బా ఒకటి ఉంటుంది, వేస్తే వేయొచ్చు, వేయకపోతే ఎవరూ వింతగా చూడరు.

ఎందుకు ఉచితమో ముందు చెప్పేస్తా, అది తెలిస్తే ఇల్లు సగం అర్థమైనట్టే. మొదటి ప్రపంచ యుద్ధానికి కాస్త ముందు ఈ ఎస్టేట్ యజమాని, ఆరో ఎర్ల్ ఆఫ్ మాన్స్‌ఫీల్డ్ (ఎర్ల్ అంటే అక్కడి దొరల బిరుదు), భూమిని ఇళ్ళు కట్టేవాళ్ళకి అమ్మేద్దామనుకున్నాడు. అమ్మి ఉంటే ఇవాళ మనం చాప పరిచే చోట వరసగా ఇళ్ళుండేవి. చుట్టుపక్కల వాళ్ళు పట్టుబట్టి, చందాలు పోగేసి, కౌన్సిళ్ళని కదిలించి భూమిని ముక్కలుముక్కలుగా కొన్నారు. 1925 జులైలో ఐదో జార్జి రాజు వచ్చి దాన్ని ప్రజల పార్కుగా తెరిచాడు. ఇల్లూ, దాని చుట్టూ మిగిలిన భూమీ మాత్రం అదే ఏడాది ఎడ్వర్డ్ సెసిల్ గిన్నిస్ కొన్నాడు. అవును, ఆ నల్ల బీరు గిన్నిసే, వాళ్ళ కుటుంబమే. ఆయన అప్పటికే లార్డ్ ఐవీ. తాను సేకరించిన బొమ్మల్లోంచి అరవై పైచిలుకు ఈ ఇంటికి ఇచ్చి, జనానికి ఎప్పుడూ ఉచితంగా తెరిచి ఉంచాలని రాసిపెట్టి, 1927లో పోయాడు. మరుసటి ఏడాది జులైలో తలుపులు తెరుచుకున్నాయి. ఇదంతా చెబితే మా అమ్మ, "మన దగ్గర సారా కాంట్రాక్టర్లు గుడి గోపురాలు కట్టించడంలా?" అంది. అంతకంటే బాగా నేను చెప్పలేను.

ఇప్పుడు ఇంటి ముందుకి రండి. మనం ఫొటోలు దిగే వైపు నిజానికి ఇంటి వెనక భాగం, దక్షిణం వైపు. అసలు గుమ్మం ఉత్తరాన ఉంది: పొడవాటి స్తంభాలు, వాటి మీద త్రికోణం, గ్రీకు గుడి ముఖాన్ని తెచ్చి ఇంటికి అతికించినట్టు. హైదరాబాద్ వాళ్ళకి ఇది కొత్తేం కాదు. కోఠీ విమెన్స్ కాలేజీ, అంటే పాత బ్రిటిష్ రెసిడెన్సీ, కిర్క్‌పాట్రిక్ కట్టించింది, అదీ ఈ కుదురులోంచి వచ్చిందే. కోఠీది 1803 ప్రాంతంలో మొదలైంది, ఇక్కడి పని దానికి ఒక తరం ముందు. సైజులో మాత్రం కోఠీదే పైచేయి, కెన్‌వుడ్ గుమ్మం దాని ముందు చిన్నపిల్ల. కోఠీ మెట్ల మీద కూర్చుని పరీక్షలకి చదువుకున్న మా అక్కకి ఈ గుమ్మం ఫొటో పంపిస్తే "ఇంతేనా" అని రిప్లై వచ్చింది.

ఈ గుమ్మం పెట్టింది రాబర్ట్ ఆడమ్. స్కాట్లండ్ నుంచి వెళ్ళి రోమ్‌లో శిథిలాలు కొలుచుకుని, బొమ్మలు గీసుకుని తిరిగొచ్చిన ఆర్కిటెక్ట్. ఆయనని పెట్టుకున్నది విలియం మర్రే, అప్పటి ఇంగ్లండ్ లార్డ్ చీఫ్ జస్టిస్, తర్వాత మొదటి ఎర్ల్ ఆఫ్ మాన్స్‌ఫీల్డ్. మర్రే 1754లో ఈ ఇంటిని కొన్నప్పుడు ఇది మామూలు ఇటుకల ఇల్లు. 1764 నుంచి 1779 దాకా ఆడమ్ అన్నదమ్ములు దాని రూపం మార్చేశారు: పైన మరో అంతస్తు, ఉత్తరాన ఆ గుమ్మం, తూర్పున లైబ్రరీ. ఆ లైబ్రరీ తూర్పునే ఎందుకంటే, పడమర వైపు అప్పటికే ఒక ఆరెంజరీ ఉంది, అంటే చలికాలం నారింజ చెట్లని దాచుకునే అద్దాల గది. ఇల్లు ఒక పక్కకి ఒరిగినట్టు కనిపించకుండా, తక్కెడలో రెండో పళ్ళెంలో రాయి వేసినట్టు, రెండో వైపు అదే ఆకారంలో లైబ్రరీ పెట్టారు. పుస్తకాల కోసం గది కట్టారా, గది కోసం పుస్తకాలు తెచ్చారా అని నాకు అనుమానం.

తెల్లటి గోడ గురించి ఒక పిట్టకథ ఉంది, నాకు ఈ ఇంట్లో అన్నిటికంటే నచ్చినది ఇదే. దక్షిణం వైపు గోడ మీద తీగలు, పూలు, పట్టీలు, చాలా నాజూకైన పని కనిపిస్తుంది. ఆడమ్ దాన్ని రాతితో చేయించలేదు. లియార్డెట్ అనే ఆయన పేటెంట్ తీసుకున్న ఒకరకం గచ్చుతో పూయించాడు, ఆ పేటెంట్‌లో ఆడమ్ అన్నదమ్ములకే వాటా ఉంది. అంటే సొంత సరుకుని క్లయింట్ గోడకి పూశారన్నమాట, మన కాంట్రాక్టర్లకి అన్నలు. ఇంకొకాయన అలాంటి గచ్చే చేసి అమ్ముతుంటే ఆడమ్ వాళ్ళు కోర్టుకెక్కారు. 1778లో ఆ కేసు విన్న జడ్జి ఎవరు? ఈ ఇంటి ఓనరే. తన గోడ మీద ఏ గచ్చు ఉందో, ఆ గచ్చు పేటెంట్ మీదే కేసు, పైగా ఒక పార్టీ తన ఆర్కిటెక్ట్. ఇవాళ అయితే టీవీ చానళ్ళు వారం రోజులు ఆడుకునేవి. ఆ కేసు పేటెంట్ చట్టంలో ఇప్పటికీ చెప్పుకునేదే: నీ కిటుకు ఏమిటో ఇతరులు చదివి చేసుకునేంత వివరంగా రాస్తేనే పేటెంట్ అనే మాట అందులో గట్టిపడింది. గచ్చు మాత్రం గట్టిపడలేదు. ఇంగ్లండ్ వానలకి పెచ్చులూడిపోయింది. ఇప్పుడు మీ ఫొటోల్లో పడే ఆ నాజూకు పని 1970ల్లో ఫైబర్ గ్లాస్‌తో మళ్ళీ చేసి అతికించింది. దగ్గరికెళ్ళి చూసినా తేడా తెలియదు, వేలితో కొట్టి చూడాలనిపించింది కానీ అమ్మ చెయ్యి లాగేసింది.

ఇక లైబ్రరీ. ఈ ఒక్క గది కోసం బస్సెక్కి వెళ్ళొచ్చు. లోపల అడుగు పెట్టగానే తల దానంతటదే పైకి లేస్తుంది. కప్పు పీపాని నిలువునా కోసి బోర్లించినట్టు వంపు తిరిగి ఉంటుంది. లేత నీలం, లేత గులాబీ గళ్ళు, మధ్యలో తెల్లటి గారపని, గళ్ళలో అంతోనియో జుక్కీ వేసిన చిన్నచిన్న బొమ్మలు. ఇరవయ్యో శతాబ్దంలో ఎవరో ఈ కప్పుకి బంగారు పూత వేసి పెట్టారు. 2012, 2013లలో ఇల్లు మూసి రిపేర్లు చేసినప్పుడు రంగు పొరలు గీకి, పరీక్ష చేసి, ఆడమ్ నాటి అసలు రంగులేమిటో తేల్చుకుని ఇలా మార్చారు. పాత ఫొటోలు చూసినవాళ్ళు కొందరు "బంగారమే బాగుండేది" అంటారు. నాకు ఇదే నచ్చింది, పెళ్ళి పందిరిలా కాకుండా పొద్దున్నే ఉండే ఆకాశంలా ఉంది. గదికి రెండు చివర్లా అర్ధచంద్రాకారంలో గూళ్ళు, వాటిలో పుస్తకాలు. కిటికీలకి ఎదురు గోడ మీద నిలువెత్తు అద్దాలు. బయట ఉన్న పచ్చిక, చెట్లు, చెరువు ఆ అద్దాల్లో పడి, గదికి రెండు పక్కలా తోటలున్నట్టు అనిపిస్తుంది. ఆ రోజు వాన కాబట్టి రెండు పక్కలా వాన పడింది. మా అమ్మ ఆ అద్దంలో తడిసిన జుట్టు సర్దుకుంటే, అక్కడ నిలబడ్డ వాలంటీర్ పెద్దాయన నవ్వి, ఈ గదిలో చాలామంది చేసే పని అదే అన్నాడు.

పుస్తకాలు మాన్స్‌ఫీల్డ్‌వి కావు. ఆయన సొంత లైబ్రరీలో ఎక్కువ భాగం 1780 జూన్‌లో తగలబడిపోయింది. కాథలిక్కులకి కొన్ని సడలింపులు ఇచ్చారని లండన్‌లో అల్లర్లు లేచాయి, గోర్డన్ అల్లర్లంటారు. ఈయన వాళ్ళ పక్షమని ఊరి మధ్య బ్లూమ్స్‌బరీ స్క్వేర్‌లో ఉన్న ఇంటిని మూక తగలబెట్టింది. నోట్సులు, కాగితాలు, పుస్తకాలు, అన్నీ బూడిద. తర్వాత మూక కెన్‌వుడ్ మీదికి బయల్దేరితే, దారిలో ఉన్న స్పేనియార్డ్స్ ఇన్ యజమాని వాళ్ళని ఆపి ఊరికే తాగించి, సైనికులు వచ్చేదాకా కాలక్షేపం చేయించాడని చెప్పుకుంటారు. ఆ పబ్ ఇప్పటికీ ఉంది, ఇంటికి పది నిమిషాల నడక, పక్కన రోడ్డు ఒక్క కారు పట్టేంత ఇరుకై ఆగిపోతుంటుంది. అంటే ఈ కప్పు మిగలడానికి ఒక కారణం బీరు, ఇల్లు మనకి దక్కడానికి ఇంకో కారణం బీరు.

మిగతా గదుల విషయంలో నాకు కాస్త అసంతృప్తి. 1922లో సామాన్లన్నీ వేలం వేసేశారు. ఆడమ్ ఈ ఇంటి కోసమే చేయించిన కుర్చీలు, బల్లలు ఎక్కడెక్కడికో పోయాయి, కొన్నిటిని మళ్ళీ వెతికి తెచ్చారు. అందుకే కొన్ని గదులు ఇల్లులా కాకుండా బొమ్మలు తగిలించిన హాలులా ఉంటాయి. "ఇంతకీ వాళ్ళు పడుకునేది ఎక్కడ, వండుకునేది ఎక్కడ?" అని అమ్మ మూడు గదుల్లో మూడుసార్లు అడిగింది. ఇంట్లో ఎవరో కాపురం ఉన్నారన్న భావన కావాలంటే వేరే చోటికి వెళ్ళాలి.

అయితే ఆ కాపురం చేసినవాళ్ళ కథ వింటే కుర్చీలు లేని లోటు తెలియదు. మాన్స్‌ఫీల్డ్‌కి పిల్లల్లేరు. అన్న కొడుకు కూతురినీ, మేనల్లుడి కూతురినీ ఈ ఇంట్లో పెంచారు. ఒకమ్మాయి లేడీ ఎలిజబెత్ మర్రే, తల్లి చనిపోయింది, తండ్రి దేశాలు తిరిగే రాయబారి. రెండో అమ్మాయి డైడో ఎలిజబెత్ బెల్, 1761లో పుట్టింది. ఈమె తండ్రి సర్ జాన్ లిండ్సే నౌకాదళ అధికారి, తల్లి మరియా బెల్ ఆఫ్రికన్ బానిస. ఇద్దరూ కలిసి ఉన్న ఒక చిత్రం చాలా ప్రసిద్ధం. డేవిడ్ మార్టిన్ వేసిందని ఇప్పుడంటున్నారు. అసలుది స్కాట్లండ్‌లో వాళ్ళ వంశం వారి స్కోన్ ప్యాలెస్‌లో ఉంది, కెన్‌వుడ్‌లో నకలు. ఎలిజబెత్ గులాబీ రంగు గౌనులో, చేతిలో పుస్తకంతో, తలలో పూలతో ఉంటుంది. డైడో తెల్లటి పట్టు బట్టల్లో, ఈక గుచ్చిన తలపాగాతో, పళ్ళు పట్టుకుని ఎక్కడికో వెళ్తూ వెళ్తూ ఒక్క క్షణం ఆగినట్టుంటుంది. వేలు బుగ్గకి ఆనించి నవ్వుతుంది. ఎలిజబెత్ చెయ్యి డైడో మోచేతి మీద ఉంది. ఆపడానికో, పంపడానికో, ఎంతసేపు చూసినా నాకు తేలలేదు. అమ్మకి వెంటనే తేలింది: "చెలికత్తెలా లేదు, చెల్లెల్లానూ లేదు."

మసాచుసెట్స్‌లో గవర్నర్‌గా చేసిన థామస్ హచిన్సన్ 1779లో ఇక్కడికి భోజనానికి వచ్చి ఆ సంగతి డైరీలో రాసుకున్నాడు. భోజనాలప్పుడు డైడో లేదు. అయ్యాక వచ్చి ఆడవాళ్ళతో కూర్చుంది. కాఫీ అయ్యాక అందరూ తోటలోకి వెళ్తే ఎలిజబెత్, ఈమె చేయీచేయీ కలుపుకుని నడిచారు. ఇది చదివి వినిపిస్తే అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంటే బంతిలో కూర్చోబెట్టలేదన్నమాట" అంది. చిన్నప్పుడు మా ఊళ్ళో పెళ్ళి భోజనాల్లో ఎవరు ఏ బంతిలో, ఎవరు పెరట్లో తినేవాళ్ళో ఆవిడకి గుర్తుంది, నాకు చెప్పక్కర్లేదు. డైడోకి ఏటా ఇచ్చే ఖర్చు డబ్బులు కూడా ఎలిజబెత్‌కి ఇచ్చేదానిలో మూడో వంతు దాకానే. పాలు, కోళ్ళ వ్యవహారం ఆమే చూసుకునేది. ముసలితనంలో జడ్జిగారు చెబుతుంటే ఉత్తరాలు కూడా రాసిపెట్టేది.

ఇప్పుడు ఆ జడ్జిగారి తీర్పు వినండి. జేమ్స్ సోమర్సెట్ అనే బానిసని యజమాని బోస్టన్ నుంచి ఇంగ్లండ్ తెచ్చాడు. సోమర్సెట్ పారిపోతే పట్టుకుని జమైకాలో అమ్మేయడానికి ఓడలో గొలుసులేసి కట్టేశాడు. బానిసత్వాన్ని ఎదిరించే గ్రాన్విల్ షార్ప్ లాంటి వాళ్ళు కేసుకి అండగా నిలబడ్డారు. 1772 జూన్ 22న మాన్స్‌ఫీల్డ్ తీర్పిచ్చాడు: ఇంగ్లండ్‌లో ఉన్న మనిషిని బలవంతంగా ఓడెక్కించి పంపే హక్కు ఇచ్చే చట్టం లేదు, వదిలేయండి. బానిసత్వం ఆ రోజుతో పోలేదు, సముద్రం అవతల తోటల్లో దశాబ్దాలు నడిచింది, ఆయన కూడా తీర్పుని వీలైనంత ఇరుకుగానే రాశాడు. అయినా లండన్‌లోని నల్లవాళ్ళు ఆ రోజు పండగ చేసుకున్నారు. తీర్పుకి ముందు ఒక జమైకా తోటల యజమాని, ఆయన ఇంట్లో ఉన్న నల్ల పిల్ల మాటే చెల్లుతుంది కాబట్టి సోమర్సెట్‌ని వదిలేస్తారని అన్నాడని హచిన్సనే రాశాడు. ఊళ్ళో గుసగుసలు అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

ఇదే జడ్జి ముందుకి 1783లో జాంగ్ ఓడ కేసు వచ్చింది. నూట ముప్పైకి పైగా ఆఫ్రికన్లని బతికుండగానే సముద్రంలోకి తోసేసి, సరుకు పోయిందని ఓడ యజమానులు ఇన్సూరెన్స్ సొమ్ము అడిగారు. హత్య కేసు కాదు, ఇన్సూరెన్స్ కేసు. ఆయన మళ్ళీ విచారణ జరపమన్నాడు, హత్య అని మాత్రం ఎవరి మీదా కేసు నడవలేదు. సాయంత్రం ఇంటికొచ్చి ఈ లైబ్రరీలో కూర్చుని ఉంటాడు. పక్క గదిలో డైడో ఉండి ఉంటుంది. ఈ రెండు విషయాలూ తెలిసి ఆ నీలం గులాబీ కప్పు కింద నిలబడితే వేరేగా ఉంటుంది, అందుకే ఇంత రాస్తున్నాను. గదుల్లో బోర్డులున్నాయి, కానీ ఏమీ తెలియకుండా వెళ్ళినవాళ్ళకి ఈ కథ బొమ్మల మధ్య జారిపోయే అవకాశం ఎక్కువ. కాస్త చదువుకుని వెళ్ళండి.

డైడో తండ్రికీ మన వైపుకీ ఒక ముడి ఉంది, చాలామందికి తెలియదు. లిండ్సేని బ్రిటిష్ రాజు తన ప్రతినిధిగా ఆర్కాట్ నవాబు దగ్గరికి పంపాడు, 1770లో ఆయన మద్రాసులో ఉన్నాడు. ఈస్టిండియా కంపెనీ వాళ్ళకి ఇది అస్సలు మింగుడు పడలేదు, నవాబుతో వ్యవహారం తమదైతే మధ్యలో రాజు మనిషి ఎవరని. అప్పట్లో నెల్లూరు ఆ నవాబు కిందిదే. అంటే ఇక్కడ తొమ్మిదేళ్ళ పిల్ల కోళ్ళకి గింజలు వేస్తున్న రోజుల్లో అక్కడ తండ్రి నవాబుగారి ఫిర్యాదులు వింటున్నాడు.

మాన్స్‌ఫీల్డ్ 1793లో పోయాడు. వీలునామాలో డైడో స్వేచ్ఛని మళ్ళీ ప్రత్యేకంగా రాసి, కొంత డబ్బు, ఏటా వంద పౌండ్లు ఇమ్మన్నాడు. అదే ఏడాది ఆమె పెళ్ళి చేసుకుంది, ముగ్గురు కొడుకులు, 1804లో చనిపోయింది. తర్వాత వచ్చిన రెండో ఎర్ల్, అంటే ఎలిజబెత్ తండ్రి, ఇంటికి ఉత్తరం వైపు రెండు రెక్కలు తగిలించి, ముందున్న రోడ్డుని దూరంగా జరిపించాడు. అవే ఇప్పుడు డైనింగ్ రూమ్, మ్యూజిక్ రూమ్.

బొమ్మల గురించి పండితులు చెప్పేవి చాలా ఉన్నాయి, నేను ముచ్చటగా మూడు చెబుతా. డైనింగ్ రూమ్‌లో రెంబ్రాంట్ తనని తాను వేసుకున్న చిత్రం, 1665 ప్రాంతానిది. తెల్ల టోపీ, అలసిన మొహం, వెనక గోడ మీద రెండు పెద్ద వృత్తాల ముక్కలు. ఆ వృత్తాలు ఎందుకో పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. నన్ను ఆపింది చెయ్యి. బ్రష్షులు పట్టుకున్న చెయ్యి ఉండాల్సిన చోట చెయ్యి లేదు, నాలుగు మొరటు గీతలు, అంతే. మొహం మీద ప్రతి ముడతా వేసిన మనిషి చెయ్యి దగ్గరికొచ్చేసరికి చాల్లే అనుకున్నాడు. "డబ్బులివ్వలేదేమో" అంది అమ్మ. అప్పటికి ఆయన దివాలా తీసి చాలా ఏళ్ళైందని చెప్పాను.

వెర్మీర్ వేసిన గిటార్ వాయించే అమ్మాయి చిన్న బొమ్మ, తేలిగ్గా దాటిపోతారు, దాటకండి. పసుపు కోటు, అంచుకి తెల్లటి బొచ్చు, మొహం పక్కకి తిప్పి ఎవరినో చూసి నవ్వుతోంది, ఆ ఎవరో బొమ్మలో లేరు. మోచెయ్యి ఫ్రేములో పట్టక తెగిపోయింది. దగ్గరికెళ్తే కొన్ని తీగలు మసగ్గా ఉంటాయి, మీటినప్పుడు వణికే తీగలా. 1974 ఫిబ్రవరిలో కిటికీ పగలగొట్టి దీన్ని ఎత్తుకుపోయారు. గ్రెనడా దీవిలో పేదలకి తిండి పంచాలని ఒక డిమాండ్, బాంబుల కేసులో జైల్లో ఉన్న ఇద్దరు ఐరిష్ అక్కచెల్లెళ్ళని ఉత్తర ఐర్లండ్‌కి మార్చాలని ఇంకో డిమాండ్. చివరికి మే నెలలో స్మిత్‌ఫీల్డ్ దగ్గర ఒక చర్చి సమాధుల మధ్య న్యూస్ పేపర్లో చుట్టి దొరికింది. మన దగ్గర మిర్చి బజ్జీలు కట్టించుకుంటామే, అలా.

మూడోది ఫ్రాన్స్ హాల్స్ వేసిన పీటర్ వాన్ డెన్ బ్రూక్, ఎర్రబడ్డ మొహంతో, ఇప్పుడే ఏదో జోకు వేసినట్టున్న డచ్ వ్యాపారి. ఈయన సూరత్‌లో డచ్ కంపెనీ వ్యవహారాలు చూసినవాడు. మన మచిలీపట్నంలో వర్తక కోఠీ పెట్టింది కూడా ఆ కంపెనీయే. పై అంతస్తులో పాత కాలపు దుస్తుల్లో నిలబడ్డ దొరలూ దొరసానులూ ఉన్నారు, లేసులు, కాలర్లు అద్భుతం, కానీ అప్పటికి మాకు ఆకలేసింది.

కేఫ్ పాత నౌకర్ల భాగంలో ఉంది. టీ బాగుంది, స్కోన్ అనే బన్ను బాగుంది, ధర లండన్ ధరే. వాన తగ్గితే బయట కూర్చోండి. బయటికొచ్చాక చెరువు చివర ఉన్న తెల్లటి వంతెనని చూడండి, ఇంటి నుంచి చూస్తే మూడు కమానులతో ఎంత ముచ్చటగా ఉంటుందో. అక్కడి దాకా నడిచి వెళ్ళారో, నవ్వొస్తుంది: అది వంతెన కాదు, రంగేసిన చెక్క. ముందు వైపు మాత్రమే ఉంది, వెనక ఏమీ లేదు, దాని మీంచి కోడిపిల్ల కూడా దాటలేదు. కిటికీలోంచి చూసేవాళ్ళకి అక్కడేదో నది పారుతోందన్న భ్రమ కోసం పెట్టారు. పైన పటారం లోన లొటారం అనే మాటకి ఇంతకంటే పెద్ద బొమ్మ నేను చూడలేదు. ఫైబర్ గ్లాస్ పూలు, చెక్క వంతెన, గుడి కాని గుడి ముఖం, ఇన్ని ఉత్తుత్తివి పెట్టుకుని కూడా ఈ ఇల్లు ఇంత అందంగా ఎలా ఉందో నాకు అర్థం కాదు. పాలశాల కూడా ఉంది, బాగుచేశారు, కానీ అది డైడో పనిచేసింది కాదు, తర్వాత రెండో ఎర్ల్ కాలంలో కట్టింది.

వెళ్ళేవాళ్ళకి: నార్తర్న్ లైన్‌లో గోల్డర్స్ గ్రీన్ గానీ ఆర్చ్‌వే గానీ దిగి 210 బస్సెక్కండి, గేటు దగ్గరే ఆపుతాడు. హాంప్‌స్టెడ్ స్టేషన్ నుంచి హీత్ మీదుగా నడిచీ రావచ్చు, కానీ వాన పడితే బురద, పెద్దవాళ్ళతో వద్దు. మేము మొదటిసారి ఫోన్ మ్యాప్ నమ్ముకున్న ఒక క్యాబ్‌లో వెళ్తే పార్కుకి ఇంకో చివర దింపి చక్కా పోయాడు, అరగంట నడిచాం, కాబట్టి క్యాబ్ అయితే హాంప్‌స్టెడ్ లేన్ గేటు అని నొక్కి చెప్పండి. కారు పార్కింగ్‌కి డబ్బులు కట్టాలి. తెరిచే వేళలు వెబ్‌సైట్‌లో చూసుకుని బయల్దేరండి. పిల్లలకి లోపల ముప్పావు గంటకి మించి ఓపిక ఉండదు, వాళ్ళకి బయటే స్వర్గం. నా రేటింగ్ ఐదుకి నాలుగు. ఆ ఒక్కటి తగ్గించింది ఖాళీ గదులకి.

తిరిగొచ్చేటప్పుడు 210లో పై సీటు లేదు, అది ఒకే అంతస్తు బస్సు, కిటికీ పక్కన అమ్మని కూర్చోబెట్టాను. రెండు స్టాపులు దాటాక అడిగింది, "అందరి సంగతీ చెప్పావు, ఆ పిల్ల కన్నతల్లి ఏమైందిరా?" ఫోన్లో వెతికాను. 1774లో అమెరికాలో ఫ్లోరిడా తీరాన పెన్సకోలాలో మరియా బెల్ పేరు మీద లిండ్సే ఒక స్థలం రాసిచ్చిన కాగితం ఉంది. అప్పటికి ఆమె బానిస కాదు. కూతురు ఇక్కడ, తల్లి అక్కడ. అమ్మ "ఎన్ని సెంట్లు?" అంది. నవ్వొచ్చింది గానీ ఆవిడ నవ్వలేదు, గోల్డర్స్ గ్రీన్ వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.